మీ చేన్ల ఏమున్నది?

రాజనర్సయ్య ఎవరినీ బాగున్నారా అని అడగడు. "మీ చేన్ల ఏమున్నది?" అని అడుగుతాడు. అమీర్‌పేట మెట్రో మెట్ల మీద ఎదురుపడినా అంతే, పంజాగుట్టలో పంటి డాక్టరు ముందు నోరు తెరుచుకుని పడుకున్నా అంతే. ఆ డాక్టరు పాపం పన్ను పీకడం ఆపి, ఊరి బయట తనకు పన్నెండెకరాలున్న మాట నిజమేగానీ అందులో ఏముందో తెలియదని ఒప్పుకున్నాడు.

వీర్రాజుకు ఆ ప్రశ్నంటే గుండెదడ. రాజమండ్రి నుంచి వచ్చి అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పెట్టి నాలుగు రాళ్లు వెనకేసుకున్న మనిషి. రేటు పెరక్కపోతుందా అని జనగామ వైపు నాలుగెకరాలు కొన్నాడు. కొన్నరోజు హద్దురాయి పక్కన ఫొటో దిగాడు, మళ్లీ అటు తొంగిచూస్తే ఒట్టు. నరేశ్ అనే అతను కౌలుకు చేసుకుంటున్నాడు. కొడుకుతో పాటు సరిగ్గా పై అంతస్తులో అద్దెకుండే రాజనర్సయ్యను తప్పించుకోవడానికి వీర్రాజు లిఫ్టు మానేసి మెట్లు పట్టాడు. షుగరు తగ్గింది గానీ భయం తగ్గలేదు.

ఇంతలో కరోనా వచ్చిపడింది. రైతులు దెబ్బతిన్నారని సర్కారు ఎకరాల లెక్కన సాయం వేసింది. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లే రైతు. ఆ పొద్దున అపార్ట్‌మెంటులో ఫోన్లన్నీ ఒక్కసారే టింగుమన్నాయి. ఆ బిల్డింగులో ఉన్నంతమంది రైతులు ఏ ఊళ్లోనూ లేరని అప్పుడే తెలిసింది. ఒకాయన బాల్కనీలో నిలబడి, ఇన్నాళ్లకు మా కష్టం ప్రభుత్వానికి అర్థమైందని కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని బిర్యానీ ఆర్డరిచ్చాడు.

వీర్రాజు భార్య సీతామహాలక్ష్మి ఆ డబ్బుతో ఏసీ కొందామంది. మాస్కు ఉంది కదా, ఎవడు గుర్తుపడతాడులే అని వీర్రాజు ధైర్యంగా లిఫ్టెక్కాడు. లోపల రాజనర్సయ్య, ముక్కుకు తువ్వాల చుట్టుకుని.

"మీ చేన్ల ఏమున్నది వీర్రాజు సార్?"

"వరి అండీ."

"మొన్న మక్కజొన్న అన్నరు."

"అదీ ఉందండీ."

కింద తలుపు తెరుచుకుంది. రాజనర్సయ్య అందులో కాలు అడ్డం పెట్టాడు. "జర ఫోన్ చేసి కనుక్కోండ్రి సార్. నాకేం ఫికర్ లేదు, గీడనే ఉంటా."

తలుపు మూసుకోబోతుంది, కాలికి తగిలి తెరుచుకుంటుంది. చేసేది లేక వీర్రాజు నరేశ్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. తనంతట తాను అతనికి ఫోన్ చేయడం అదే మొదలు.

చేన్లో ఏమీ లేదన్నాడు నరేశ్. లాక్‌డౌన్లో లారీ రాక పుచ్చకాయలన్నీ తోటలోనే కుళ్లిపోయాయట. పత్తి విత్తనాలు అప్పివ్వమంటే దుకాణం వాడు ఇవ్వనన్నాడట. చుట్టూ అందరూ విత్తేశారు, ఈ వాన కూడా పోతే సేద్యం వదిలేసి హైదరాబాద్ రావడమేనట.

"వాచ్‌మన్ పని ఏమన్నా ఉంటే చెప్పుండ్రి సార్," అన్నాడు.

వీర్రాజుకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. ఏసీ డబ్బు పడ్డ ఆ ఫోనే చేతిలో బరువుగా తగిలింది.

"వాచ్‌మన్ పనేంటయ్యా. సర్కారు వేసిన డబ్బు నీది, నాది కాదు. ఇప్పుడే పంపిస్తున్నా, విత్తనాలు తెచ్చుకో."

రాజనర్సయ్య నెమ్మదిగా కాలు తీశాడు. పంటి డాక్టరు కూడా తన కౌలు రైతుకు నిన్న డబ్బు పంపించాడని చెప్పాడు.

వీర్రాజుకు ఉక్రోషం ఆగలేదు. "ఇంతకీ మీ చేన్లో ఏముందండీ?"

"నాకు చేనేడిది సార్. గీ బిల్డింగున్న జాగల మా నాయిన కౌలుకు బెండ పెట్టేటోడు. తోట ఎండిన ఏడు, పట్టాదారు వచ్చి చేన్ల ఏమున్నదని ఒక్కపాలి అడుగుతడేమోనని మస్తు ఎదురుచూసిండు. ఆయన అడగలే. అందుకే నేను అడుగుతున్న."

కొన్నాళ్లకు నరేశ్ వాట్సాప్‌లో ఫొటో పంపాడు. వీర్రాజు అన్నం సగంలో వదిలేసి పై అంతస్తుకు పరిగెత్తి రాజనర్సయ్య తలుపు కొట్టాడు.

"పత్తండీ. మొలకొచ్చింది," అన్నాడు, ఫోన్ చాపి, తనే విత్తినంత గొప్పగా.

రాజనర్సయ్య కళ్లజోడు పెట్టుకుని ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. ముఖమంతా నవ్వయింది.

"మస్తున్నది సార్. కలుపు తీసిండ్రా మరి?"

వీర్రాజు ఎంగిలి చేత్తోనే, ఆ గుమ్మంలోనే నిలబడి, నరేశ్‌కు ఫోన్ కలిపాడు.