మాబున్నవ్వ చూపిన చోటు

ఈ ఉదయం ప్రొద్దుటూరు కూరగాయల మార్కెట్లో ప్లాస్టిక్ కాగితం చుట్టిన పుట్టగొడుగుల పొట్లం తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు. గుండీల్లా తెల్లగా, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. పొట్లం అక్కడే పెట్టేసి వచ్చాను. నేనెరిగిన పుట్టగొడుగుకు తడిసిన ఎర్రమట్టి వాసన ఉంటుంది. వానాకాలం తెల్లవారుజామున మాబున్నవ్వ ఆ వాసనతోనే వాకిట్లోకి వచ్చేది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి జూన్‌లో నేను జమ్మలమడుగు ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, తల్లీ తండ్రీ లేరు. మాబున్నవ్వ ఇంటి ముందుగదిలో అద్దెకు దిగాను. ఆమె భర్త మగ్గం నేసేవాడు, పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఆ మగ్గం మీద ఆమె దుప్పట్లు మడిచి పెట్టుకునేది. మా ఇద్దరి మధ్య ఒక తలుపు. వానలు వచ్చేదాకా అది తెరుచుకోలేదు.

ఒక రాత్రి బాగా ఉరిమింది. తెల్లారి ఆ తలుపు తీసి, తడిగుడ్డ కప్పిన బుట్ట నా ముందు పెట్టింది.

“పంతులమ్మా, తింటావా? మీ ఇండ్లల్లో తినరేమో.”

“తింటాను. యాడ దొరికినాయవ్వా?”

“పుట్ట మీద.”

“ఏ పుట్ట?”

“అది అడగగూడదు.”

తర్వాత తెలిసింది. పుట్టగొడుగులు లేచే చోటును నోటితో చెప్పరు. మొగుడికి కూడా చెప్పరు. తల్లి ముందు నడుస్తుంది, కూతురు వెనక పోయి చూసుకుంటుంది. వేలు పెట్టి చూపితే కుళ్ళిపోతాయని అరచేయి చాచి చూపుతారు. మాబున్నవ్వకు ఆమె తల్లి అలాగే చూపింది.

ప్రొద్దుటూరు నుంచి ఆమె అన్న కోడలు ఏటా వచ్చి అడిగేది. “అత్తా, ఆ పుట్టను నీతోపాటు గోరీలో పెట్టుకుంటావా?”

“నీకు సూపితే బస్టాండులో బుట్ట పెట్టుకోని అమ్ముకుంటా కూచుంటావు.”

“కూచుంటే ఏంది, దుడ్లు చేదా?”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక మాత్రం అవ్వ దీపం పెట్టే వేళ దాకా గడప మీదే కూర్చుంది. “అది అడిగింది నిజమే. నాతోనే పోగూడదు. ఎవురికన్నా సూపియ్యల్ల. నాకెవురుండారు?” అంది.

మరొకసారి నేను మరునాటి పాఠం పైకి చదువుకుంటున్నాను: పుట్టగొడుగుల్లా పుట్టుకురావడమంటే మూలం లేకుండా రాత్రికి రాత్రి రావడం. అవ్వ వినింది. బుట్టలోంచి ఒకటి తీసి నా పుస్తకం మీద పెట్టింది. గొడుగు చిన్నది. కాడ సన్నబడుతూ తోకలా మూరెడు పొడుగుంది.

“ఇది రేత్రికి రేత్రి వచ్చిందా? ఎంత లోపల్నించి వచ్చిందో సూడు. పైపైన తెంపేటోళ్ళకు తోక కనపడదు.”

“మరి పనికిమాలినోళ్ళను కుక్కగొడుగు అంటారు కదవ్వా?”

“కుక్కగొడుగు తినగూడదు. ఆ తిట్టు కూడా నోట్లో పెట్టుకోగూడదు.”

మరునాడు పిల్లలకు ‘రావడం’ తీసేసి ‘కనబడడం’ అని చెప్పాను. మార్కులు పోతాయని ఒక పిల్ల భయపడింది. మార్కులు వేసేది నేనే కదా అన్నాను.

మూడేళ్ళకు నన్ను పులివెందులకు బదిలీ చేశారు. సాయంత్రం అవ్వకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

“శానా దూరమా?”

“ముద్దనూరు మీద బస్సు. పూటలో రావచ్చు.”

“రావచ్చు అనేటోళ్ళు రారు.”

మరునాడు చీకటి విడకముందే తలుపు తట్టింది. “చెప్పులేసుకో.”

ఆమె ముందు, నేను వెనక. పెన్న ఇసుక దాటి, కంపచెట్ల మధ్య ఎర్రదిబ్బ ఎక్కాం. ఒకచోట ఆగి అరచేయి చాచింది. ఎండి బీటలు వారిన పుట్ట. వానలు ఇంకా పడలేదు. దాని మీద ఏమీ లేదు.

“సూసినావా?”

“చూసినానవ్వా.”

“ఇంగ పోదాం పా.”

వెళ్ళేటప్పుడు ఏ ఆసరా లేకుండా నడిచిన మనిషి, వచ్చేటప్పుడు నా మోచేయి పట్టుకుంది.

ఆ శ్రావణంలో పులివెందులలో ఉరిమింది. శనివారం ఆఖరి బస్సుకు జమ్మలమడుగు వచ్చాను. అవ్వ కాళ్ళు వాచి మంచం మీద ఉంది. తెల్లవారుజామున ఒంటరిగా పుట్ట దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కదాన్నీ మొదట్లో కదిలించి పెరికి, కొన్ని వదిలి తెచ్చాను. అవ్వ బుట్ట నేల మీద వంచింది. గొడుగులు చూడలేదు, తోకలు చూసింది.

“ఇదొకటి తెంపినావు,” అంది. మిగతావాటిని ఒక్కొక్కటిగా బుట్టలో పెట్టుకుంది. ఆ రోజు ఇద్దరం జొన్నరొట్టెతో తిన్నాం.

మరో రెండు వానాకాలాలకు అవ్వ పోయింది. ఆ ఇంట్లో అన్న కోడలు నన్ను పక్కకు పిలిచి, “మా అత్త నీకేమన్నా సెప్పిందా?” అని అడిగింది.

“చెప్పలేదు,” అన్నాను. అది నిజమే.

మోకాళ్ళు ఇసుక దాటనిచ్చినన్నాళ్ళు ఏటా వెళ్ళాను. ఒక మనిషికి సరిపడా తెచ్చుకున్నాను. నేను పెళ్ళి చేసుకోలేదు. నా వెనక నడిచి రావలసినవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఇప్పుడు పడమర, జమ్మలమడుగు వైపు ఉరిమితే, తెల్లారి అవి లేస్తాయని తెలుసు. విచ్చుకుంటాయి, పొద్దెక్కేసరికి వాలిపోతాయి, ఎవరూ రారు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.