ఎడమచేత్తో అన్నం పెట్టిన తల్లి

మా పక్క క్వార్టర్ శంకరవ్వ ఒకప్పుడు తెర మీద ఏడిస్తే మంథనిలో గోదావరి రెండు మెట్లు పైకి వచ్చేదని నా మనవలకు చెప్పాను. వాళ్లు నవ్వారు. సరే, ఒక మెట్టు అనుకోండి. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు అబద్ధానికి ఒకసారి చొప్పున మోకాళ్ల మీద నిలబెట్టినా నాకు ఈ గుణం పోలేదు. ఇప్పుడు చెప్పేదానికి మాత్రం కాలనీ అంతా సాక్షి.

శంకరవ్వది చెన్నూరు. మగ్గం నేసే ఇంట్లో పుట్టింది. ఊరికి వచ్చిన నాటకాల కంపెనీలో సీత వేషం కట్టే అమ్మాయికి జ్వరం వస్తే, రోజూ ముందు కూర్చుని మాటలన్నీ నోటికి పట్టిన ఈ పిల్లను ఎక్కించారు. ఆ కంపెనీ వెంటే మద్రాసు చేరింది. అక్కడ పేరు మార్చి మధుమాల అన్నారు. పేరు హీరోయిన్‌ది, వేషాలు మాత్రం తల్లివి. ఇరవై నిండకముందే జుట్టుకు తెల్ల పౌడరు రాసి, నలభై దాటిన హీరోకు తల్లిని చేశారు.

"షాట్ అయినంక ఆయన మోకాళ్లు పట్టుకొని కూలబడేటోడు" అంటుంది శంకరవ్వ. "తల్లిని గద, నేనే లేపి నిలబెడుదును."

రంగుల సినిమాలు వచ్చాక ఆ పౌడరు దాగలేదు. వేషాలు తగ్గాయి. ఏడవడం చేతకాని హీరోయిన్లకు గొంతు అరువిచ్చి చాలాకాలం బతికింది. పెళ్లి మాట ఎత్తితే, "అంతమంది కొడుకులను సాకినంక ఓపిక యాడుంటది?" అని దాటేస్తుంది. ఈమధ్యే తమ్ముడి కొడుకు వెంకటేశ్ మద్రాసు వెళ్లి, బొగ్గుబాయి ఉద్యోగంలో తనకిచ్చిన క్వార్టర్‌కు తీసుకొచ్చాడు.

వచ్చిన రోజు నుంచి ఆమెకు ఒకటే కోరిక. కాలనీ ఆడవాళ్లతో ఒక నాటకం ఆడించాలి. తనకు వచ్చిన విద్య తనతో పోకూడదు. కమ్యూనిటీ హాలు అడిగి తీసుకుంది, చాపలు పరిచింది, ఛాయ్ పెట్టించింది. ఒక్కరూ రాలేదు. కారణం ఎల్లక్క.

ఎల్లక్క మా కాలనీకి కొత్త కోడలుగా వచ్చి ఇప్పుడు అందరికీ పెద్ద అయిన మనిషి. ఆమె కాదంటే ఏ ఇంటి ఆడపిల్లా గడప దాటదు.

"గామె మధుమాల కాదు" అని తేల్చేసింది ఎల్లక్క. "మధుమాలది ఎడమచెయ్యి వాటం. సినిమాల పిలగానికి ఎడమచేత్తోని బువ్వ పెట్టింది, నా కండ్లతోని చూసిన. గీమె అన్నం కుడిచేత్తోనే తింటది, ముగ్గు కుడిచేత్తోనే ఏస్తది. ఉత్తగ చెప్పుకుంటున్నది."

ఆ బువ్వ గొడవ నేనూ విన్నదే. బొగ్గుబాయి వాళ్లు గ్రౌండులో తెర కట్టి ఆ సినిమా వేసినప్పుడు ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత కాలనీలో ఏ పిల్ల ఎడమచెయ్యి ముందుకు చాపినా "ఏందే, మధుమాలవా?" అని నెత్తిన మొట్టేవారు.

నేను శంకరవ్వ తరఫున మాట్లాడాను. అదే ఆమె కొంప ముంచింది. "నిరంజన్ సాక్షమా? ఇగ పక్కా అబద్ధమే" అని అప్పటిదాకా అటూ ఇటూ ఊగుతున్నవాళ్లు కూడా ఎల్లక్క వైపు వెళ్లిపోయారు.

ఎల్లక్క మనవరాలు అమూల్య డిగ్రీ చదువుతోంది. నాటకంలో చేరాలని ఆ పిల్లకు ప్రాణం కొట్టుకుంటోంది. ఆ పాత సినిమాను ఫోన్‌లో వెతికి నానమ్మ ముందు పెట్టింది. తల్లి అన్నం పెడుతున్నది కుడిచేత్తోనే.

"ఫోన్ ముచ్చట నాకు చెప్పకు" అంది ఎల్లక్క. "మొన్న నువ్వు దాంట్ల నీ ఫొటో దిగితె అంగీ మీది అక్షరాలు ఉల్టా రాలే?"

అమూల్య ఆ ఫోన్ పట్టుకుని శంకరవ్వ దగ్గరికి పరుగెత్తింది.

ఈ సంగతి విని శంకరవ్వ తానే ఎల్లక్క వాకిట్లోకి వచ్చి గట్టు మీద కూర్చుంది. తగువు చూద్దామని నేనూ వెనకే వెళ్లాను.

"ఎల్లక్కా, ఒక్క మాట. నా సినిమా నువ్వు యాడ కూసొని చూసినవు?"

"యాడేంది? ముంగట కుర్చీలల్ల దొరలు, కింద మొగోళ్లు. ఆడోళ్లందరం తెర ఎనక."

శంకరవ్వ పకపకా నవ్వింది. తనను వెనక నుంచి చూసి గుర్తు పెట్టుకున్నవాళ్లు కూడా ఉంటారని మద్రాసులో ఆమెకు ఎన్నడూ తోచలేదు. లేచి వెంకటేశ్‌ను కేకేసింది.

"రెండు ధోతులు తేరా. పలచటియి. బొమ్మ అవుతలికి దిగాలె."

పొద్దుగూకగానే ధోతులు జోడించి కుట్టి గ్రౌండులో కట్టారు. అమూల్య కాలేజీ నుంచి ప్రొజెక్టరు అడిగి తెచ్చింది. ఎల్లక్కను ముందు వరుసలో, పూర్వం దొరలు కూర్చున్న చోట, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బువ్వ పెట్టే ఘట్టం వచ్చింది. కుడిచెయ్యి.

ఎల్లక్క లేచి, కొంగు దోపుకుని, తెర వెనక్కి నడిచింది. "మల్ల తిప్పు, బిడ్డా!" అని అక్కడి నుంచి అరిచింది. అమూల్య మళ్లీ తిప్పింది. ఎడమచెయ్యి! ముందుకు వచ్చింది. కుడి. వెనక్కి వెళ్లింది. ఎడమ. ఆమె వెంట ఆడవాళ్లంతా తెర చుట్టూ బతుకమ్మ ఆడినట్టు తిరిగారు. బొమ్మలోని పిల్లవాడికి ఆ రాత్రి పెట్టినంత అన్నం ఏ తల్లీ పెట్టి ఉండదు.

చివరికి ఎల్లక్క వచ్చి శంకరవ్వ పక్కన కూలబడింది.

"గిన్నేండ్ల సంది నిన్ను ఊకె తిట్టిన గదనే."

"తిట్టినా యాదిల పెట్టుకున్నవు. మద్రాసుల నన్ను యాది పెట్టుకున్నోళ్లు లేరక్కా."

మర్నాడు హాలులో చాపలు చాలలేదు. అమూల్యకు కూతురి వేషం, ఎల్లక్కకు తల్లి వేషం. మొదటిరోజే బువ్వ పెట్టే ఘట్టం పెట్టారు. ఇంతమంది చూస్తుంటే ఎల్లక్క పరేషాన్‌లో గిన్నెలోని అన్నాన్ని కలిపి మనవరాలి నోటికి అందించింది. ఎడమచేత్తో.

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఎల్లక్క చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఫికర్ చెయ్యకక్కా, పెట్టు" అంది శంకరవ్వ. "ఎనక నుంచి చూసేటోళ్లకు కుడిచెయ్యే."