బొలుంబు పాటలో ఎకిలా

పదకొండేళ్లుగా బొలుంబు గొప్ప గాయని కాబోతూనే ఉంది. కిన్షాసాలో ఈ ఉద్యోగానికి విరమణ వయసు లేదు. పాట తనే రాస్తుంది, బాణీ తనే కడుతుంది, గిటారు తనే వాయిస్తుంది. చివర చప్పట్లు కూడా తనే కొట్టుకోవలసి వచ్చిన రోజులున్నాయి. వారమంతా మాటెటే బజారులో ఆడవాళ్లకు జడలు అల్లేది. శని, ఆదివారాల్లో సాయంత్రం లెంబా పేటలో ఒక బీరుకొట్టు ముంగిట పాడేది. అక్కడి శ్రోతలు సంగీతానికి ఎంత విలువిచ్చేవారంటే, గిటారు చప్పుడుకు తమ కబుర్లు వినబడవేమోనని ఇంకా గొంతెత్తి మాట్లాడుకునేవారు.

ఆమెకొక పట్టుదల ఉండేది: పాటలో ఎవరి పేరూ విసరదు. మా ఊళ్లో పాటంటే సగం రాగం, సగం పేర్లు. డబ్బిచ్చినవాడి పేరు గాయకుడు పాట మధ్యలో విసరాలి. ఫలానా సిమెంటు వ్యాపారి, ఫలానా కర్నలుగారి మూడో భార్య, పారిస్‌లో ఏం చేస్తాడో ఎవరికీ తెలియని ఫలానా పెద్దమనిషి. ప్రేయసి వదిలేసి పోయిందని గుండె పగిలేలా ఏడుస్తున్న గాయకుడు మధ్యలో కళ్లు తుడుచుకుని టైర్ల దుకాణం యజమానిని పొగిడి, మళ్లీ ఏడుపు అందుకుంటాడు. అది ఎవరికీ వింతగా ఉండదు. పేరు వినబడినవాడు ఆ పాట పదిసార్లు వేయించుకుంటాడు, అతని చుట్టాలు ఇంకో పదిసార్లు. పేర్లు లేని పాటను రేడియోవాళ్లు ముట్టుకోరు.

బొలుంబు ముప్పై నాలుగో ఏట తల్లి మీద పాట రాసింది. తల్లి ఎకిలా రేవు దగ్గర చిక్వాంగ అమ్ముతుంది. కర్రపెండలం నానబెట్టి, దంచి, ముద్దను ఆకుల్లో చుట్టి ఉడికించి, తెల్లవారేసరికి బల్ల ముందు కూర్చుంటుంది. బొలుంబు పుట్టకముందు నుంచే వేడి పొట్లాలు పట్టుకుని పట్టుకుని వేళ్ల కొసలు మొద్దుబారాయి. చిన్నప్పుడు బొలుంబుకు ఒళ్లు వెచ్చబడిందో లేదో చేత్తో తెలియక, నుదుటికి చెంప ఆనించి చూసేది. పాట నిండా అవే సంగతులు. పల్లవిలో ఎకిలా పేరు నాలుగుసార్లు వస్తుంది. ఈ ఒక్క పాట ఊరంతా పాడితే, అమ్మ అది విని ఇది నేనే అని తెలుసుకుంటే, ఆ తరవాత చచ్చేదాకా జడలే అల్లుకుంటాను అనుకుంది బొలుంబు.

స్టూడియో నడిపే మబియాలా పాట విని కళ్లు తుడుచుకున్నాడు. "ఏడిపించావక్కా. ఇంతకీ ఈ ఎకిలా ఎంతిచ్చింది?"

"మా అమ్మరా!"

"అమ్మే కావచ్చు. ఎంతిచ్చింది?"

"ఏమీ ఇవ్వలేదు."

"ఊరికే నాలుగుసార్లా?" మబియాలా ఆమెను జాలిగా చూశాడు. "నీకు మతిగానీ పోయిందా? కస్టమ్స్ కసోంగోగారున్నారు, పేరంటే పడి చస్తారు. ఆయన్ని పట్టుకో. రికార్డింగు, వీడియో అన్నీ ఆయనే చూసుకుంటారు."

బొలుంబు పట్టుదల మూడు వారాలు నిలిచింది. పదకొండేళ్ల పట్టుదలకు అదేమంత తక్కువ కాదు. నాలుగో వారం కసోంగో ఇంటి ముందు నిలబడింది. ఆయన ఒప్పుకున్నాడు, తన స్నేహితులు పదహారుమందిని కూడా ఒప్పించాడు. అమ్మ పేరు మాత్రం కదపనని బొలుంబు మొండికేసింది. సరే, పల్లవిని ఎవరూ ముట్టుకోలేదు. చరణాలు పంచుకున్నారు. నుదుటికి చెంప ఆనించే మాట వచ్చేచోట రాగం బాగా పైకి లేస్తుందని కసోంగో దాన్ని తనకు తీసుకున్నాడు. ఇప్పుడు అక్కడ "కస్టమ్స్ కసోంగో, సరిహద్దుల సింహం!" అని వస్తుంది.

పాట ఊరంతా పాకింది. టాక్సీల్లో అదే, పెళ్లిళ్లలో అదే. అయితే ఊరికి ఒకటే అనుమానం. పదిహేడుమందికి ఒక్కొక్కసారే పేరు పడింది, ఈ ఎకిలా ఎవరో నాలుగుసార్లు, అదీ పల్లవిలో! వజ్రాల గనులున్నాయన్నారు. ఒక మంత్రి చాటుగా ఉంచుకున్న మనిషన్నారు. మా పేటలో ఎకిలా అనే వేరే ఆవిడకు చర్చిలో ముందు వరుస కుర్చీ దొరికింది, ఆమె కూడా కాదనలేదు. రేడియోలో అడిగితే బొలుంబు "మా అమ్మ" అంది. అడిగినవాడు పడీ పడీ నవ్వి, "చెప్పకూడదని మాట తీసుకున్నారన్నమాట!" అన్నాడు.

కసోంగో మనసు మాత్రం కష్టపడింది. "అమ్మ, గిమ్మ అని నాకు కథలు చెప్పకు. నాకంటే నాలుగింతలు ఇచ్చిన మనిషి ఈ ఊళ్లో ఉందా? ఆవిడకు నన్ను పరిచయం చెయ్యి."

"రండి, చూపిస్తాను," అంది బొలుంబు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

శనివారం పొద్దున కసోంగో టై కట్టుకుని రేవుకు వచ్చాడు. పక్క కొట్లో అదే పాట మోగుతోంది. చిక్వాంగ బల్ల ముందు నిలబడి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అడిగాడు: "ఏమ్మా, ఎకిలాగారంటే నువ్వేనా?"

ఆమె కంగారుగా లేచి పైగుడ్డకు చేతులు తుడుచుకుంది. "నా పేరూ అదే బాబూ. మీరు వెతికేది ఆ పాటలో దొరసానమ్మను కదూ? నేను కాదు. మా పిల్ల చేత అన్నిసార్లు అనిపించుకుందంటే ఎంత కలిగినావిడో! రోజూ వింటూనే ఉన్నా. నా పేరే పెట్టుకుంది మహాతల్లి."

కసోంగో బొలుంబు వైపు తిరిగి, "నేను ముందే అన్నానా?" అని కారెక్కి వెళ్లిపోయాడు.

బొలుంబు బల్ల పట్టుకుని నిలబడింది. "అమ్మా, అది నువ్వే. ఆ ఆకులు, ఆ వేళ్లు, నువ్వే. నాకు జ్వరమొస్తే చెంప ఆనించేదానివి..."

"ఏ చెంపే? అక్కడ ఎవరో కస్టమ్స్ ఆయన పేరు కదా వస్తుంది?" ఎకిలా నవ్వుతూ మళ్లీ కూర్చుని పొట్లాలు సర్దింది. "ఆకులు అందరూ చుడతారు. నీకు నేనెప్పుడిచ్చాను డబ్బు, నా పేరు చెప్పడానికి?"

తల ఎత్తకుండానే మళ్లీ అంది.

"మరీ ఎక్కువ కాకపోతే, వచ్చే పాటలో నా పేరు కూడా ఒకసారి వెయ్యవే. ఒక్కసారి చాలు. డబ్బు వారం వారం కొంచెం కొంచెంగా ఇస్తాను."