గొడుగుల కేసు

కొత్తగా వ్యాపారం పెట్టుకునేవాళ్లకు ఎకనామిక్స్ చెప్పే ఆ లెక్చరరమ్మ పదకొండేళ్లుగా మొదటి వారంలో ఒకే కేస్ స్టడీ పంచేది. నాలుగు పేజీలు. చవక గొడుగులు బజారును ముంచెత్తినా, గొడుగులు తయారుచేసే షెడ్డు నడిపే ఒకాయన తన ఆరుగురు పనివాళ్లలో ఒక్కరినీ మాన్పించలేదు, మిషనూ కొనలేదు. చివరికి షెడ్డు మూతపడింది. "ఈయన చేసిన తప్పులేమిటి?" అన్నది ఆఖరి ప్రశ్న.

ఆయన ఆమె అక్క భర్త. పేరు తీసేసి రాసింది. షెడ్డు మూసిన మూడో నెలలో ఒక పొద్దున చెప్పులేసుకుని బయటికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఆ సంగతి మాత్రం కేసులో లేదు.

ఏటా క్లాసంతా కలిసి ఆయన్ను కడిగిపారేసేది. "మెతక మనిషండీ!" "ఉత్త మొండిఘటం!" ఆమె ఆ మాటలన్నీ బోర్డు మీద రాసుకుపోయేది. రాస్తున్నంతసేపూ వెనక వరసలో ఎవరో గొడుగు విప్పి, ముడిచి, మళ్లీ విప్పుతున్నట్టు చప్పుడు. తిరిగి చూస్తే ఏమీ ఉండేది కాదు.

ఈ ఏడు, కుట్టుపని షాపు పెట్టాలని వచ్చిన ఒక పెద్దావిడ కాగితాలు తిరగేసి చూసి అడిగింది.

"తర్వాత ఆయన ఏమయ్యాడు మేడమ్?"

"కేసు అక్కడితో అయిపోయిందండీ."

"మనిషి అయిపోడు కదమ్మా!"

లెక్చరరమ్మ క్లాసు సగంలో వదిలేసి, తిన్నగా అక్క ఇంటికి వెళ్లి ఆ కాగితాలు చేతిలో పెట్టింది. అక్క వాటిని విప్పనైనా లేదు.

"నాకు తెలుసే. చిత్తుప్రతి ఇక్కడ మర్చిపోయి వెళ్లావుగా, మీ బావ చదివారు. రెండుసార్లు. 'మీ చెల్లెలు బాగా రాసింది, తప్పులన్నీ నావే' అని నవ్వారు. మర్నాడే వెళ్లిపోయారు."

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే నువ్వు తట్టుకుంటావా? నాకు మిగిలిందే నువ్వొక్కదానివి."

మరుసటి క్లాసులో ఆమె ఏదీ దాచుకోకుండా చెప్పేసింది. ఆ పెద్దావిడే, "మరి ఆ ఆరుగురూ?" అంది. లెక్చరరమ్మకు తెలియదు. పదకొండేళ్లలో ఒక్కసారీ అడగాలని తోచలేదు.

అప్పటినుంచి ఆదివారాలు వాళ్లను వెతుక్కుంటూ తిరుగుతోంది. ఇప్పటికి నలుగురు దొరికారు. తలుపు తీసి, ఫలానా ఆయన మరదలినని చెప్పగానే నలుగురూ ఆమె భుజం మీదుగా వీధిలోకి చూశారు.

"సారు కూడా వచ్చారా అమ్మా?"