కన్నీటి సుడి లేని మైనా

ఆదోని రైలు స్టేషను బయట జట్కాలు వరసగా నిలబడే రోజుల్లో, ఆ వరసలో చివరి బండి సైదా బీది. చివర నిలబడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ముందు నిలబడితే ఎక్కవచ్చినవాళ్లు గుర్రం మొహం చూసి, సంచి మళ్లీ భుజానికెత్తుకుని పక్క బండికి పోయేవాళ్లు. చివర ఉంటే, వేరే బండి దొరకనివాళ్లైనా ఎక్కుతారు.

ఆ గుర్రం పేరు మైనా. ఎర్రటి ఆడగుర్రం. నడక చూస్తే ఎంత దూరమైనా కూర్చోవాలనిపించేది. కానీ దాని ఎడమ కంటికి సరిగ్గా కింద, కన్నీరు జారే చోట, వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఒక సుడి. అట్లాంటి సుడి ఉన్న గుర్రం కట్టుకున్న ఇంటిని ఏడిపిస్తుందని గుర్రాలు తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అందరూ నమ్మేవాళ్లు. సైదా బీ మొగుడు ఖాదర్ వలి మాత్రం సంతలో అందరూ వదిలేసి పోయిన ఆ గుర్రాన్నే కొని తెచ్చాడు.

"సుడి దాని మొగానికి ఉంది, కాళ్లకు లేదు గదా. బండి లాగేది కాళ్లు," అని నవ్వేవాడు.

రెండేళ్లకు ఖాదర్ వలి విషజ్వరంతో పోయాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు జ్వరం మాట ఎత్తలేదు. గుర్రం మాటే ఎత్తారు. మొగుడు పోయిన ఆడమనిషి ఇల్లు కదలకూడని నాలుగు నెలల గడువు తీరి ఆమె గడప దాటేసరికి, మరుదులు బేరగాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి ఉన్నారు.

"వదినా, ఇంగ దీన్ని పెట్టుకోవద్దు. అన్నను తినేసింది."

సైదా బీ గుర్రం తాడు చేతికి చుట్టుకుంది. "మీ అన్నకు ఒళ్లు కాలిపోతాంటే ఆస్పత్రికి తీసకపోయింది ఎవురప్పా? మీరా? ఇది. పరుగెత్తి పరుగెత్తి నోట నురగ కక్కింది. దీన్ని అమ్మేది లేదు."

ఆ మరుసటి రోజు ఆమే కళ్లెం పట్టింది. చీర కొంగు తలమీదుగా తీసి నడుముకు బిగించి, బండి ముందు పలకమీద కూర్చుంది. ఇద్దరు పిల్లలు, ఒక గుర్రం. వేరే ఆధారం లేదు. స్టేషనులో మాదన్న అనే జట్కావాడు వేళాకోళానికి పెద్ద. ఆమెను చూసి గట్టిగా అరిచాడు.

"ఏం బీబీ, కళ్లెం పట్టుకుంటావా, కొంగు పట్టుకుంటావా?"

"నీ బండి పక్కకు తియ్యి మాదన్నా, రెండూ పట్టుకునేది సూపిస్తా."

చూపించింది కూడా. పత్తి మార్కెట్టు రోజుల్లో బేళ్ల బండ్లు రోడ్డంతా కమ్ముకుని ఉంటే, వాటి మధ్య సందుల్లోంచి మైనాను తీసుకుపోయేది. ఆమె చేతిలో చెర్నాకోల ఉండేది గానీ దెబ్బ పడేది కాదు. నాలుకతో చిన్న చప్పుడు చేసేది, అంతే. కొన్నాళ్లకు మాదన్నే ఎగతాళి మానేశాడు. మానేసి సలహా చెప్పాడు.

"బీబీ, నా మాట ఇను. కంటికి కట్టే తోలు గంత ఇంకో రెండు వేళ్ల మందం కిందికి జార్చినావంటే, ఆ సుడి ఎవురికీ కనపడదు. బేరాలు వస్తాయి."

"దాని మొగం అది దాచుకునేదెందుకన్నా? యాడన్నా దొంగతనం సేసిందా?"

దాచలేదు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి పోయే భక్తులు రైలు దిగి బస్టాండుకు జట్కాలు మాట్లాడుకునేవాళ్లు. ఒకసారి ఒక కుటుంబం ఎక్కి కూర్చున్నాక, ముసలామె సుడి చూసి "దేవుని దగ్గరికి పోతా ఇట్లాంటిది ఎక్కేదా" అని అందరినీ దింపేసింది. సైదా బీ పరుపుమీద వాళ్లు రాల్చిన బొరుగులు దులిపి, మళ్లీ వరసలో నిలబడింది. ఇంటికి పోయాక మాత్రం ఆ రోజు మైనాకు ఎక్కువసేపు ఒళ్లు రుద్దింది.

ఎమ్మిగనూరు నేతగాడు శంకరన్న ఆమె బండి ఎక్కింది ఒక వానలో, వేరే బండి లేక. నూలు మూటలు తడవకుండా ఆమె తన కొంగు తీసి కప్పడం చూసి, ఆ తర్వాత ఆదోనికి ఎప్పుడు వచ్చినా వెతుక్కుని మరీ ఆమె బండే ఎక్కేవాడు. ఇట్లా ఒక్కొక్కరే. కాన్పు నొప్పుల మనిషిని కుదుపు లేకుండా ఆస్పత్రికి చేర్చాలంటే సైదా బీ బండే అనే పేరు కూడా వచ్చింది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కూతురు మరియంబీ పెళ్లి అయింది, కొడుకు జిన్నింగు మిల్లులో కుదురుకున్నాడు. ఎనభైల్లోకి వచ్చేసరికి ఆదోనిలో ఆటోలు దిగాయి, మైనాకు పళ్లు అరిగాయి. బండి విప్పేసింది గానీ గుర్రాన్ని కదిలించలేదు. గడ్డి నానబెట్టి, చేత్తో తినిపించేది.

దాని బొమ్మ ఒకటి ఉండాలని అప్పుడు పుట్టింది ఆశ. ఫొటో అతన్ని పిలిస్తే, మైనా సరిగ్గా అదే క్షణాన తల విదిలించింది. మొహం అంతా మబ్బు పట్టినట్టు వచ్చింది. అప్పుడు గుర్తొచ్చాడు శంకరన్న. వాళ్లింట్లో తలుపుకు కట్టిన తెరమీద అతను నేసిన చిలుకను ఆమె ఒకసారి చూసింది, ముక్కున కరిచిన జామకాయతో సహా.

"మైనాను నేసిస్తావా అన్నా?"

శంకరన్న ఆదోనికి వచ్చి, గుర్రం ఎదురుగా కూర్చుని కాగితంమీద గీసుకున్నాడు. ఆ కాగితం పడుగు కింద పెట్టుకుని, రంగురంగుల నూలు వేలితో దూరుస్తూ, చీరల పని అయ్యాక మిగిలిన పొద్దులో నేశాడు. కబురు రాగానే సైదా బీ బస్సెక్కి పోయింది. నమాజు చేసే గదిలో బొమ్మ పెట్టకూడదు గనక, ముందు వసారాలో మేకు కూడా కొట్టించి మరీ పోయింది.

శంకరన్న గుడ్డ విప్పి మగ్గంమీద పరిచాడు. ఎంత బాగుందో! మెడ వంపు అదే. జూలు గాలికి లేచింది. ఎర్ర రంగులో మూడు రకాల ఎరుపు కలిపి నేసినందుకు ఒళ్లు నిగనిగలాడుతోంది. అతని భార్య లక్ష్మక్క పక్కనే నిలబడి ఆమె మొహం చూస్తోంది.

సైదా బీ గుడ్డమీద చెయ్యి పెట్టి మెల్లగా కంటి దగ్గరికి జరిపింది. అక్కడ నున్నగా ఉంది.

"ఎంత లక్షణంగా ఉందో సూడు సైదక్కా," అంది లక్ష్మక్క.

"ఉంది," అంది ఆమె. బొమ్మ మడిచి, దండం పెట్టి, వచ్చేసింది.

ఇంటి వసారాలో తగిలించింది. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. మాదన్న వచ్చి నడుంమీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఇట్లుండింటే మన మైనా, స్టేషనులో మొదటి బేరం నీదే బీబీ!"

మంచిమాటే. కానీ అది ఆమెకు ముల్లులా దిగింది. ఇన్నేళ్లు ఆ సుడితోనే మైనా బండి లాగింది, ఆ సుడితోనే పిల్లలకు అన్నం పెట్టింది. గోడమీద ఉన్నది ఎవరో కలిగినవాళ్ల గుర్రం. రేపు మైనా పోతే, మనవలు ఈ నున్నటి మొహాన్నే మైనా అనుకుంటారు. మాదన్న అటు పోగానే మేకునుంచి గుడ్డ దించి, మళ్లీ ఎమ్మిగనూరు బస్సెక్కింది.

శంకరన్న మగ్గం గుంతలోంచి తలెత్తి చూశాడు. "ఏమక్కా, నూలు పోయిందా యాడన్నా?"

"నూలు పోలేదు. సుడి పోయింది."

అతని మొహం చిన్నబోయింది. "మరిసిపోలేదక్కా. కాగితంలో గీసింటి. నేసేటప్పుడు ఇడిసిపెట్టినాను. దినామూ కంటి ముందర ఉండే బొమ్మ. నా సేత్తో ఒకరి ఇంటికి కన్నీళ్లు నేసి ఇయ్యలేను."

"అవి దాని కన్నీళ్లు కావు శంకరన్నా. ఆయన పోయినప్పుడు ఇంటినిండా జనం. నేను కొట్టంలోకి పోయి ఏడిస్తి, దాని మెడమింద తల పెట్టి. కదలకుండా నిలబడింది. అది నన్ను ఏడిపించలేదప్పా, ఏడ్సేకి మెడ ఇచ్చింది." గుడ్డ విప్పి అతని ముందు పరిచింది. "నీ పని బాగలేదని కాదు. ఇంత బాగ ఎవురూ నెయ్యలేరు. కానీ ఇది మైనా కాదు."

శంకరన్న తల అడ్డంగా ఊపాడు. "నువ్వేమన్నా అనుకో. నా సెయ్యి రాదు."

లక్ష్మక్క అంతసేపూ నూలు కండెలు చుట్టుకుంటూ వింటోంది. లేచి, గోడలో గుచ్చిన సూది తీసింది. "నేసింది ఆయప్ప ఇష్టం. గుర్రం నీ ఇష్టం. సూది మాత్రం నాది. పట్టు సైదక్కా, నువ్వే కుట్టుకో."

సైదా బీ పోగుల బుట్టలో వెతికి ముదురు ఎరుపు పోగు ఏరుకుంది. ఆమెకు వచ్చిన కుట్టు ఒక్కటే, గుర్రం పట్టెడలు కుట్టే తోలుకుట్టు. కుట్టబోతూ ఆగింది. కళ్లు మూసుకుని, గాలిలో బొటనవేలు తిప్పి చూసుకుంది, రోజూ పొద్దున మైనా మొహం తుడిచేటప్పుడు వేలు ఎటు తిరిగేదో అటు. తర్వాత గుచ్చింది. బలంగా లాగింది. నేత మీద ముడత పడింది.

శంకరన్న చూడలేకపోయాడు. "అట్ల లాగితే మొగమంతా ముడుసుకుంటాదక్కా!" అని గుంతలోంచి లేచి వచ్చి, రెండు చేతులతో గుడ్డను బిగుతుగా పట్టాడు. పట్టినవాడు వదల్లేదు. ఆమె ఒక్కొక్క కుట్టూ గుండ్రంగా వేసుకుంటూ పోయింది. అతను తన మొహం పక్కకు తిప్పుకున్నా, గుడ్డ మాత్రం కుట్టుకు తగ్గట్టు కొంచెం కొంచెంగా తిప్పుతూనే ఉన్నాడు.

సుడి వచ్చింది. మొరటుగా, కాస్త పొడుచుకుని, కంటికింద.

ఆమె పోగు తెంపి, ముడి వేసి, సూది లక్ష్మక్కకు ఇచ్చింది. శంకరన్న గుడ్డ తిరగేసి ముడి చూశాడు. నాలుక చప్పరించాడు.

"ఇది ముడా? నాలుగు సార్లు ఉతికితే ఊడిపోతాది."

ఆమె వేసిన ముడి గోటితో విప్పాడు. పోగు కొస నాలుకతో తడిపి, నేతగాళ్లు తెగిన పడుగుకు వేసే ముడి, ఒకసారి వేస్తే ఊడనిది, తన చేత్తోనే వేయసాగాడు.

"గట్టిగా కట్టు శంకరన్నా," అంది సైదా బీ.