ఎండక్క చెప్పని మాట

మా అక్కను కాలనీలో అందరూ ఎండక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేది మా బావ ఒక్కడే, అదీ కోపం వచ్చినప్పుడు.

ఎండ ముదిరితే మనమంతా తలుపులు మూసి లోపల పడుకుంటాం. ఆవిడ మిట్టమధ్యాహ్నం మేడెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎంత వృథాగా పోతోందో చూడరా తమ్ముడూ" అని బాధపడేది, ఎవరో పాలగిన్నె ఒలకబోసినట్టు. నాకు నవ్వొచ్చేది. నవ్వితే తిట్టేది.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. అక్క ఉద్యోగమంతా కరెంటాఫీసులో బిల్లులు కట్టించుకునే కిటికీ వెనకే గడిచింది. చార్జీలు పెంచింది ఎవరో, తిట్లు తిన్నది మా అక్క. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనవాళ్ళకి అలవాటే కదా. చిల్లర విసిరేసినవాళ్ళున్నారు, అద్దం మీద గుద్దినవాళ్ళున్నారు, గడువు అడుగుతూ ఏడ్చినవాళ్ళూ ఉన్నారు. రిటైరయ్యే నాటికి ఆవిడకొక సిద్ధాంతం గట్టిపడిపోయింది. మనిషి కష్టాలన్నిటికీ మూలం కరెంటు బిల్లు. ఎవరింట్లో మొగుడూపెళ్ళాలు పోట్లాడుకున్నా "పాపం, ఈ నెల బిల్లు ఎక్కువొచ్చిందేమో" అనేది. వేళాకోళానికి కాదు, నిజంగానే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు తన మేడ మీదే సోలార్ పలకలు పెట్టించింది. బట్టలారేసే తీగ కట్టుకోవడానికి చోటుండదని బావ చాలాకాలం అడ్డుపడ్డాడు. చివరికి ఆ పలకల కిందే నీడలో మంచం వేసుకుని, ఇదంతా తన ఆలోచనేనని వచ్చినవాళ్ళకి చెప్పుకునే స్థితికి దిగాడు.

ఆ తర్వాత మొదలయ్యాయి సభలు. ఆదివారమైతే కాలనీ హాల్లోనో, బడి వరండాలోనో, అపార్టుమెంట్ల కింద బళ్ళు పెట్టుకునే చోటో ఎండక్క బల్ల వేసేది. బల్ల మీద చిన్న ఫ్యాను, బయట ఎండలో ఒక పలక, రెంటికీ మధ్య పొడుగాటి వైరు. కరపత్రాలు నా జిరాక్సు షాపులోనే, ఉచితంగానే. వచ్చినవాళ్ళలో సగంమంది టీ బిస్కెట్ల కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళకీ అంతే శ్రద్ధగా చెప్పేది. ఎవరైనా సరేనన్నారంటే వాళ్ళ అనుమతుల కోసం తను పనిచేసిన ఆఫీసుకే కాళ్ళరిగేలా తిరిగేది. ఇన్నాళ్ళూ లోపల కూర్చున్న కిటికీ ముందు ఇప్పుడు బయట నిలబడేది. "లోపలుంటేనే నయంరా, కుర్చీ అయినా ఉండేది" అనేది నాతో.

ఆవిడ ప్రసంగంలో మొదట్లో ఒక మాట ఉండేది. బ్యాటరీ పెట్టించుకోకపోతే, వీధిలో కరెంటు పోయినప్పుడు మేడ మీది పలకలు కూడా వాటంతటవే ఆగిపోతాయి అని. బ్యాటరీ ఖరీదైన వ్యవహారం, మా కాలనీలో ఎవరూ పెట్టించుకోరు. ఆ మాట వినగానే జనం "మరింకెందుకమ్మా" అని చీరలు దులుపుకుని లేచిపోయేవారు. అక్కకి ప్రాణం ఉసూరుమనేది. పోయేది ఎప్పుడో ఒక పూట కరెంటు, వచ్చేది నెలనెలా బిల్లు, ఆ ఒక్క పూట కోసం ఇంత లాభం వదులుకుంటారా అని ఆవిడ బాధ. మెల్లగా ఆ మాట ప్రసంగం చివరికి జరిగింది. ఆ తర్వాత ఎవరైనా అడిగితేనే చెప్పేది. అడిగేవాళ్ళు తక్కువ.

ఒక ఆదివారం కాలనీ హాలు నిండా జనం. అక్క మాట్లాడుతుండగా కరెంటు పోయింది. మైకు మూగబోయింది, పైన ఫ్యాన్లన్నీ ఆగాయి. బల్ల మీది ఫ్యాను మాత్రం ఆగలేదు. దుప్పటి కప్పిన ఆ బల్ల కింద చిన్న బ్యాటరీ ఉందని నాకు తెలుసు, అక్కకి తెలుసు. దాచాలని దుప్పటి కప్పలేదు, వైర్లు చూడ్డానికి బాగుండవని కప్పింది, అంతే. హాలంతా చప్పట్లు. అలాంటి చప్పట్లు మా అక్క జీవితంలో ఎరగదు. మొహం ఇంత చేసుకుని నిలబడిపోయింది.

ముందు వరసలో మా వీధి టైలరమ్మ కూర్చుంది. "కరెంటు లేకపోయినా తిరుగుతోందే!" అంది. అక్క నవ్వి తలూపింది. అబద్ధమేమీ కాదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది.

టైలరమ్మ మొగుడు రాళ్ళు కోసే మిల్లులో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడు. ఇంట్లోంచి కదలడు. ముక్కుకి గొట్టం, పక్కనే ఆక్సిజన్ మిషను, రాత్రీ పగలూ. మనిషి మాత్రం మహా సరదా. "మా ఇంట్లో రెండు మిషన్లండీ. ఒకటి కుడుతుంది, ఒకటి ఊదుతుంది. నేనొక్కణ్ణే ఖాళీ" అనేవాడు నాతో. కరెంటు పోతే తగిలించడానికి టైలరమ్మ ఒక పెద్ద సిలిండర్ అద్దెకు తెచ్చి గది మూల నిలబెట్టుకుంది. మా వైపు కరెంటు పోయేదల్లా ఎండాకాలం మధ్యాహ్నాలే.

ఆవిడ పలకలు పెట్టించుకుంటానని వచ్చినప్పుడు అక్క పొంగిపోయింది. "రోజంతా తిరిగే మిషనమ్మా, నీకెంత బిల్లొస్తుందో నాకు తెలీదూ! ఇక ఆ బెంగ తీరిపోతుంది చూడు" అంది. టైలరమ్మ "ఆ బెంగే అక్కా" అని కళ్ళు తుడుచుకుంది. ఇద్దరూ ఒకే బెంగ గురించి మాట్లాడుకుంటున్నారనే నేనూ అనుకున్నాను.

పలకలు బిగించిన రోజు అక్క దాన్నీ ఒక సభ చేసింది. కాలనీ సంఘం ప్రెసిడెంటు వచ్చాడు, ఫొటోలు తీశారు. టైలరమ్మ మొగుడు మంచం మీంచే కిటికీలోకి చెయ్యి ఊపాడు. ఆ తర్వాత కొన్ని వారాలు పగలు కరెంటు పోనేలేదు. పోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

కరెంటు పోయిన రోజు ఎండ మామూలుగా లేదు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడుతో పేలింది, నా షాపులో జిరాక్సు మిషను సగం కాగితం మింగి ఆగిపోయింది. అక్క అక్కడే కూర్చుని కరపత్రాలు మడతపెడుతోంది. అంతలో టైలరమ్మ మెడలో కొలతల టేపుతో, కాళ్ళకి చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, పలకల స్విచ్చెక్కడుంది? నాకు కనబళ్ళేదు, ఆయన మిషను ఆగిపోయింది!"

"ఏ స్విచ్చమ్మా?" అంది అక్క. అంటూనే పాలిపోయింది. "సిలిండరుంది కదా నీకు?"

"అదెందుకక్కా ఇంక? పలకలొచ్చిన వారమే వెనక్కిచ్చేశాను."

అక్క లేచి పరుగెత్తింది. ఆ వయసులో ఆవిడ పరుగెత్తడం నేను మొదటిసారి చూశాను.

టైలరమ్మ మొగుడు మంచం అంచున ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు మోపి కూర్చున్నాడు. ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. పెదవుల రంగు మారింది. సిలిండర్ల షాపుకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. అంబులెన్సువాళ్ళు వస్తున్నామన్నారు, ఎప్పటికో చెప్పలేదు. నేను పోయి అక్క సభల బ్యాటరీ మోసుకొచ్చాను. మిషను తగిలిస్తే ఒకసారి కూతపెట్టి ఊరుకుంది. బల్ల ఫ్యాను తిప్పే బ్యాటరీకి అంత సత్తువ ఎక్కడిది?

టైలరమ్మ అక్క చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి మేడ మీదికి చూపించింది. "అంత ఎండ పడుతోంది కదక్కా వాటి మీద! ఒక్క పది నిమిషాలు పనిచేయించక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

వీధి చివర స్తంభం మీద అప్పటికే లైన్‌మన్ ఎక్కి ఉన్నాడు.

"అవి పనిచేస్తే ఆ కరెంటు తీగల్లోకి పోతుందమ్మా. అక్కడ పైనున్న మనిషి చచ్చిపోతాడు. అందుకే వాటిని అలా తయారుచేస్తారు" అంది అక్క. "నేను చెయ్యగలిగింది ఏమీ లేదు తల్లీ."

టైలరమ్మ స్తంభం మీది మనిషి వైపు చూసింది. పాపం, తనకి కోపం కూడా రాలేదు. "అయితే ఆయన్ని త్వరగా చెయ్యమనక్కా" అంది.

అరిచాం. లైన్‌మన్ మాత్రం ఏం చేస్తాడు, ఎండలో చేతులు కాలుతుంటే? చివరికి ప్రెసిడెంటు కారు తెచ్చాడు. నేనూ బావా టైలరమ్మ మొగుణ్ణి ఎత్తి కూర్చోబెట్టాం. దారంతా అక్క ఒక కరపత్రాల కట్టతో ఆయన మొహానికి విసురుతూనే ఉంది. దానివల్ల లాభం లేదని ఆవిడకీ తెలుసు. ఆయన ఏదో చెప్పబోయి, చాతకాక, అక్క మోచెయ్యి తట్టి ఊరుకున్నాడు.

ఆసుపత్రిలో కొన్నాళ్ళు పెద్ద మిషను మీద ఉండి, కన్నుమూశాడు.

అక్క సభలు మానేసింది. తిండీ మానేసింది. బావ బతిమాలాడు, నేను కోప్పడ్డాను, చెవిటివాడి ముందు శంఖమే. ఒకరోజు తనే లేచి, "తమ్ముడూ, తోడురా. ఆవిడతో చెప్పెయ్యాలి. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ" అంది. వెళ్ళాం.

టైలరమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. పక్కన ఒకావిడ జాకెట్టు కొలతలివ్వడానికి నిలబడింది. అక్క గుమ్మంలోనే మొదలుపెట్టింది. "తప్పు నాదమ్మా. కరెంటు పోతే అవి ఆగిపోతాయని నాకు తెలుసు. నీకు చెప్పాల్సింది. చెప్పలేదు."

టైలరమ్మ లేచి అక్కని కుర్చీలో కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది. "నువ్వేం చేశావక్కా? మాకోసం ఎంత తిరిగావు! నాదే పిసినారితనం. పెద్ద సెట్టు పెట్టించుకోమని నువ్వంటే చిన్నది చాలన్నాను. అది ఆయనకి చాల్లేదు."

"పెద్దదైనా అంతే తల్లీ! పెద్దదైనా ఆగిపోతుంది!" అక్క దాదాపు అరిచింది.

"సరేలే అక్కా, నీళ్ళు తాగు" అంది టైలరమ్మ, పసిపిల్లకి చెప్పినట్టు.

జాకెట్టావిడ ఇటు తిరిగింది. "మా అత్తగారికీ ఆ ఊదే మిషనే పెట్టారండీ. మీరు పెట్టించిన పలకలే వేయిద్దామనుకుంటున్నాం. పెద్ద సెట్టు వేయిస్తే కరెంటు పోయినా మిషను ఆగదు కదా?"

"ఆగుతుంది" అంది అక్క. "ఆగిపోతుందమ్మా, నా మాట విను, సిలిండర్ మాత్రం ఇంట్లోంచి కదలనివ్వకు."

టైలరమ్మ జాకెట్టావిడ భుజానికి టేపు పెడుతూ గొంతు తగ్గించి చెప్పింది.

"ఆవిడ మాటలు పట్టించుకోకండి. మా ఆయన పోయిన దగ్గర్నుంచి అలాగే అంటోంది, పాపం. మీరు పెద్దదే వేయించుకోండి."