లేత్ మీద తీసిన బోల్టు

2022లో వానలు వెనకబట్టిన రోజులు. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, రైల్వే వాళ్లుండే న్యూ సెటిల్‌మెంట్‌లో మా ఇల్లు. ఉద్యోగం మాత్రం ఊరికి దూరంగా ఓ ప్రైవేటు ఎయిర్‌స్ట్రిప్‌లో. నేను ఏఎంఈని, అంటే విమానాన్ని తనిఖీ చేసి, ఎగరొచ్చని సంతకం పెట్టే లైసెన్సు ఇంజనీరుని. సొంత విమానమైనా సరే, మరమ్మతు తర్వాత ఆ సంతకం లేనిదే నేల విడవకూడదని ప్రభుత్వ నియమం.

ఆ ఉదయం అందరూ ఘోష్‌దా, అంటే ఘోష్ అన్న, అని పిలిచే వ్యాపారి టూ సీటర్ విమానం చూస్తుంటే, ముందు చక్రం దగ్గర కొత్త బోల్టు మెరుస్తూ కనిపించింది. తల మీద పార్ట్ నంబరు లేదు. ఘోష్‌దాకి ఫోన్ చేసి అడిగాను. విదేశం నుంచి రావాల్సిన బోల్టు ఆలస్యమవుతోందని ఆయన మా ఇంటికొచ్చి వాపోతే, మాతోనే ఉండే మా మేనమామ అప్పలస్వామి చేసిచ్చాడట. మా ఊళ్లో కుక్కర్ పిడి విరిగినా, స్కూటర్ ఇరుసు అరిగినా వర్క్‌షాపు మనిషి చెయ్యి పడాల్సిందే. రైల్వే వర్క్‌షాపులో లేత్ మీద ఇనుము చెక్కే టర్నరుగా రిటైరైన మావకి విమానమూ అంతే అయింది.

సాయంత్రం కూతుర్ని ఎక్కించుకుని ఎగరాలని ఘోష్‌దా తొందర. నేను కుదరదన్నానని మావని కారులో వెంటబెట్టుకొచ్చాడు.

"ఏట్రా, నా సేతి పని మీద నమ్మకం లేదేటి? మైక్రోమీటర్ ఎట్టి సూసుకో. ఎంట్రుకవాసి తేడా వస్తే మీసం గొరిగించుకుంటాను!" అన్నాడు మావ.

తేడా లేదు, అప్పటికే చూశాను. అదే నా ఖర్మ. నాకు ఆకురాయి పట్టడం నేర్పిన మనిషే అలా అడుగుతున్నాడు.

"కొలత బాగుంది మావా. ఉక్కు ఏ రకం?"

"బజార్ల రాడ్డు తెచ్చినాను. మంచిదే."

"మంచిదని ఎవులు సెప్పినారు? టెస్టింగ్ ముద్ర లేని యాక్సిల్ నువ్వెప్పుడైనా రైలుబండి కింద ఎయ్యనిచ్చినావా?"

దీన్నే మేం ట్రేసబిలిటీ అంటాం: ప్రతి భాగం ఏ లోహంతో అయిందో, ఏ పరీక్ష దాటిందో చూపించగలగాలి.

ఘోష్‌దా అందుకున్నాడు. "అరే, నిన్న నేను దీంతోనే ఎగిరొచ్చాను. కుచ్ నహీ హువా, ఏమీ కాలేదు!"

మావ గిరుక్కున ఆయన వైపు తిరిగాడు. "ఎగిరినావా దాదా? మా అల్లుడు సూడకుండానే?" అన్నాడు. ఎగిరే ముందు తన బోల్టుని నేను ఎలాగూ చూస్తానని మావ ధీమా. స్పానర్ అందుకుని తనే దాన్ని ఊడదీశాడు.

బోల్టుకి, వాడకూడదని తెలిపే ఎర్ర ట్యాగు కట్టి, జరిగింది అధికారులకి తెలియజేశాను. విమానం ఆగిపోయింది. ఘోష్‌దా మళ్లీ నాతో మాట్లాడలేదు.

మావ మాత్రం చాన్నాళ్లు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. "ఒరే, ఆ పిల్ల ఎక్కినాక ఇరిగుంటే?" అనేవాడు. తనిఖీ నియమాలు పైవాళ్ల చాదస్తమని నేనూ విసుక్కున్నవాణ్నే. అంత భయాన్ని ఏ పనివాడూ ఒంటరిగా మొయ్యకూడదనే అవి ఉన్నాయని, ఆయన ముద్ద దించలేక లేచిపోతుంటే అర్థమైంది.